మేడమీద బాడుగవాళ్ళు ఖాళీ చేయడం లేదు, తాళం వేసేయొచ్చా?

ప్రశ్న:

లాయరమ్మ గారికి నమస్కారం. మాది మదనపల్లె దగ్గర పల్లె. మా ఆయన బెంగళూరు దూరవాణి నగర్‌లో ఐటీఐ టెలిఫోన్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. రామమూర్తి నగర్‌లో కట్టుకున్న ఇంట్లో కింద నేనుంటాను, మేడమీద పోర్షన్ బాడుగకిచ్చాం. 2021 జూన్‌లో ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం చేరింది. మనవాళ్ళే కదా అని ఎక్కువ అడగలేదు. బాడుగ 16,000, అడ్వాన్సు లక్షా యాభై వేలు. పదకొండు నెలల అగ్రిమెంటు మా ఆయన పేరు మీద రాశారు. అది అయిపోయాక మళ్ళీ ఎవరమూ పట్టించుకోలేదు. 2023లో ఆయన పోయారు. అప్పట్నుంచి బాడుగ నా అకౌంటుకే వేస్తూ వచ్చారు.

ఇప్పుడు ఏడు నెలలుగా పైసా లేదు. అతనికి ఉద్యోగం పోయిందట. అడిగితే "అడ్వాన్సులో పట్టుకోండి పిన్నీ" అంటాడు. గట్టిగా అడిగితే "అగ్రిమెంటు బాబాయితో రాసుకున్నాను, మీతో కాదు" అన్నాడు. పన్నెండేళ్ళుంటే ఇల్లు ఉన్నవాళ్ళదే అవుతుందని కూడా అన్నాడు. ఆ మాటతో నాకు నిద్ర పట్టడం లేదు. రాత్రిళ్ళు చుట్టాలు, పాటలు, మెట్ల నిండా చెప్పులు. స్టేషన్‌కు వెళ్తే "సివిల్ మేటరమ్మా, కోర్టుకు వెళ్ళండి" అని పంపేశారు. మా తమ్ముడేమో మోటరు ఆపేద్దాం, వాళ్ళు పండక్కి ఊరెళ్ళగానే తాళం వేసేద్దాం అని కప్ప కూడా కొనుక్కొచ్చి పెట్టాడు. పుణేలో ఉన్న మా అబ్బాయి వద్దంటున్నాడు. ఆయన మీద వచ్చే కొద్దిపాటి పెన్షన్‌తో బతికేదాన్ని, లాయరుకు పెట్టుకునే శక్తి లేదు. నేనేం చేయాలి?

— ఒక పాఠకురాలు, రామమూర్తి నగర్, బెంగళూరు

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు భయపడుతున్నంత చెడ్డగా లేదు మీ పరిస్థితి. చట్టం చాలావరకు మీ వైపే ఉంది. కాగితాలు ఉన్నాయి, బాడుగ మీ అకౌంటుకు వచ్చిన లెక్క బ్యాంకులో ఉంది. చేతిలో ఇంకా అడ్వాన్సు కూడా మిగిలి ఉంది. ఏడు నెలల బాకీ 1,12,000 తీసేస్తే మీ దగ్గర 38,000 అతని డబ్బే ఉంది. అంటే ఇవాళ్టికి మీరు నష్టపోయింది నిద్ర తప్ప ఇంకేమీ లేదు. ఇంకో రెండు నెలలు గడిస్తే మాత్రం లెక్క 1,44,000కు చేరుతుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో పట్టుకునే మొత్తం కూడా కలిపితే అడ్వాన్సు అక్కడితో సరి. కాబట్టి ఆలస్యం చేయొద్దు, తొందరపడొద్దు. ఈ రెండూ వేరు వేరు సంగతులు.

ఈ కేసును చెడగొట్టగలిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారంటే అది మీ తరఫువాళ్ళే. మోటరు ఆపడం, తాళం వేయడం గురించి ముందు చెప్పేస్తాను.

బాడుగకు ఉన్న మనిషిని కోర్టు ఆర్డరు లేకుండా బయటికి పంపే హక్కు ఇంటి ఓనరుకు లేదు. అగ్రిమెంటు అయిపోయినా లేదు, బాడుగ ఇవ్వకపోయినా లేదు. కర్ణాటక నుంచే సుప్రీంకోర్టుకు వెళ్ళిన రామేగౌడ కేసులో ముగ్గురు జడ్జీలు ఈ మాట స్పష్టంగా చెప్పారు. స్థిరంగా స్వాధీనంలో ఉన్నవాడికి హక్కు లేకపోయినా సరే, అతన్ని చట్టం చెప్పిన దారిలోనే తీయాలన్నారు. మీరు తాళం వేశారనుకోండి, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద అతను ఆరు నెలల్లోపు కోర్టుకు వెళ్ళి ఇల్లు తిరిగి ఇప్పించమని అడగవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిది, బాకీ ఎంత అన్న ప్రశ్నలే రావు. తాళం ఎవరు వేశారు, కోర్టు ఆర్డరుతోనా కాదా అన్నది ఒక్కటే చూస్తారు. పైగా ఆ తీర్పు మీద అప్పీలు కూడా లేదు. బాకీ ఎగ్గొట్టినవాడు ఫిర్యాదీ అవుతాడు, మీరు ముద్దాయి స్థానంలో నిలబడతారు. లోపల ఉన్న బీరువాలో నగలు పోయాయని అతను స్టేషన్‌లో రాసిస్తే, మిమ్మల్ని మొన్న సివిల్ మేటరని పంపేసిన అదే స్టేషన్ ఈసారి మీ తమ్ముణ్ణి పిలుస్తుంది.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక ఓనరు వచ్చాడు. పేరెందుకు గానీ, పెద్దమనిషే. బాడుగవాళ్ళు కదలడం లేదని, మరమ్మతు చేయించాలనే వంకతో వాకిలి తలుపు ఊడదీయించి వడ్రంగి దగ్గరికి పంపేశాడు. తాళం వేయలేదు కదా, తలుపే తీశాను కదా అని ఆయన లెక్క. ఆ ఇంట్లో వాళ్ళు తలుపులేని వాకిలికి దుప్పటి కట్టి, ఫోటో తీసి కోర్టుకు పెట్టారు. జడ్జి గారు ఆ ఫోటో చూసిన చూపు నాకింకా గుర్తే. తలుపు వారంలో తిరిగొచ్చింది. బాడుగవాళ్ళు మాత్రం తమ జోలికి రాకూడదని కోర్టు ఇచ్చిన ఇంజంక్షన్ ఆర్డరు పట్టుకుని మూడేళ్ళు ఉన్నారు.

మోటరు సంగతీ అంతే. సంపులో నీళ్ళుండగా పై ట్యాంకుకు ఎక్కించకపోవడం, మీటరు ఫ్యూజు పీకడం, ఇవన్నీ ఇంజంక్షన్‌కు ఆహ్వానం పంపడమే. చిన్నపిల్లలున్న ఇంటికి నీళ్ళు ఆపారన్న మాట ఏ జడ్జి ముందైనా మీకు మచ్చే. ఇంకొకటి, మీ తమ్ముడు వాళ్ళకు వాట్సాప్‌లో ఏమైనా గట్టిగా మాట్లాడి వాయిస్ మెసేజులు పంపి ఉంటే ఇక ఆపేయమనండి. అవి రేపు వాళ్ళ లాయరు చేతిలో ఆయుధాలు. అదే ఫోన్లో "ఏడు నెలలది బాకీ ఉంది పిన్నీ, సర్దుతాను" అని అతను పెట్టిన మెసేజ్ ఏదైనా ఉంటే దాన్ని బంగారంలా దాచుకోండి. ఫోన్ మార్చకండి, చాట్ చెరిపేయకండి.

ఇప్పుడు మీ నిద్ర చెడగొట్టిన పన్నెండేళ్ళ మాట. ఇది బెంగళూరులో ప్రతి ఓనరూ ఎక్కడో ఒకచోట విని హడలిపోయే మాటే. బాడుగ ఇచ్చి ఉన్నవాడు ఓనరు అనుమతితో ఉన్నవాడు. అనుమతితో ఉన్నవాడికి ఎన్నేళ్ళున్నా ఇల్లు సొంతం కాదు. అంతేకాదు, ఒకరిని ఓనరని ఒప్పుకుని ఇంట్లో దిగినవాడు, ఆ ఇంట్లో ఉంటూ ఆ ఓనరుకు హక్కు లేదని వాదించడానికి సాక్ష్యాల చట్టమే ఒప్పుకోదు. మరి పన్నెండు అన్న అంకె ఎక్కడిదంటే, కిరాయి, అంటే బాడుగ ఒప్పందం, రద్దయిన రోజు నుంచి 12 ఏళ్ళలోపు ఓనరు దావా వేయాలని లిమిటేషన్ చట్టంలో ఉంది. దాన్ని సగం విని సగం కల్పించి చెప్పుకుంటారు. మీ విషయంలో కిరాయి ఇంకా రద్దే కాలేదు. గడియారం మొదలే కాలేదు.

"అగ్రిమెంటు బాబాయితో" అన్నదీ చెల్లదు. మీ ఆయన పోయాక ఆయన వారసులే ఓనర్లు. పైగా అతను 2023 తర్వాత బాడుగ మీ అకౌంటుకే వేశాడు. వేసిన ప్రతి నెలా మిమ్మల్ని ఓనరుగా ఒప్పుకున్నట్టే. ఆ పాస్‌బుక్ ఎంట్రీలే మీకు సాక్షులు. వారసులు మీరు, మీ అబ్బాయి, కూతురుంటే ఆ అమ్మాయి. మీ అత్తగారు బతికుంటే ఆవిడకూ వాటా ఉంటుంది, చాలామంది మరిచిపోయేది ఇక్కడే. దావా వేయడానికి అందరూ సంతకం పెట్టాలని లేదు. మిగతావాళ్ళకు అభ్యంతరం లేనప్పుడు ఉమ్మడి ఓనర్లలో ఒకరు వేసినా నిలుస్తుంది. అయినా మీ అబ్బాయితో ఒక సమ్మతి పత్రం రాయించుకోండి. డెత్ సర్టిఫికెట్, నాడకచేరి అనే రెవెన్యూ ఆఫీసులో తీసుకునే వంశవృక్షం, ఇల్లు ఎవరి పేరున ఉందో చూపే ఖాతా కాగితం, ఇంటి పన్ను రసీదులు, పాత అగ్రిమెంటు, పాస్‌బుక్ అన్నీ ఒక కవరులో పెట్టుకోండి. వంశవృక్షం ఇంకా తీసుకోకపోతే ఈ వారమే అప్లై చేయండి, అది రావడానికి టైం పడుతుంది.

ఇక అసలు దారి. మీకు తిరుపతి నుంచో మదనపల్లె నుంచో ఎవరైనా "రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్ళు" అని చెప్పి ఉంటే పక్కన పెట్టండి. కర్ణాటకలో 1999 నాటి రెంట్ చట్టం ఉంది, 2001 డిసెంబరు 31 నుంచి అమలులోకి వచ్చింది. కానీ బెంగళూరులో నెల బాడుగ 3,500 దాటిన ఇళ్ళకు అది వర్తించదు. ఇప్పుడు 3,500కు ఇల్లు కాదు, బండి పెట్టుకునే చోటు కూడా దొరకదు. చిక్కపేట, బళేపేటల్లో తాతలనాటి బాడుగలతో నడుస్తున్న దుకాణాల్లాంటివి తప్ప దాదాపు ఊరంతా 1882 నాటి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ చట్టం కిందే ఉంది. పాత చట్టమని భయపడకండి, ఓనరుకు ఇదే తేలిక. రెంట్ చట్టం కింద అయితే కారణం చూపించాలి, అది రుజువు చేయాలి. ఈ పాత చట్టంలో నెలనెలా సాగే కిరాయిని రద్దు చేయడానికి కారణమే అక్కర్లేదు.

పదకొండు నెలలు అయిపోయాక మీరు కొత్త కాగితం రాయకుండా బాడుగ తీసుకుంటూ వచ్చారు కదా, అప్పట్నుంచి అది నెలనెలా సాగే కిరాయిగా మారింది. 116వ సెక్షన్ అదే చెబుతుంది. అలాంటి కిరాయిని 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల రాతపూర్వక నోటీసుతో ఏ పక్షమైనా ముగించవచ్చు. మీ పాత అగ్రిమెంటులో నోటీసు నెల అనో రెండు నెలలనో రాసి ఉండే అవకాశం ఎక్కువ. అలా ఉంటే అంత గడువు ఇవ్వండి. ఏమీ లేకపోయినా నేనైతే నెల రోజులు ఇస్తాను. పదిహేను రోజులు మిగుల్చుకుని తర్వాత గడువు చాలలేదన్న వాదన వినడం దేనికి?

నోటీసులో ఏం రాయాలన్నది ఈ జవాబు మొత్తంలో ముఖ్యమైన సంగతి. మీ ఉత్తరంలో రాత్రి పాటలు, మెట్ల మీద చెప్పులు, చుట్టాలు, అతను అన్న మాటలు అన్నీ ఉన్నాయి. నాకు రాసి మంచిపని చేశారు, కడుపులో ఉన్నది బయటపడింది. నోటీసులో వాటిలో ఒక్కటి కూడా రాకూడదు. బాకీ మాట కూడా ఖాళీ చేయమనడానికి కారణంగా రాకూడదు. ఎందుకంటే, బాడుగ కట్టలేదు కాబట్టి కిరాయి పోయింది అని మీరు దావా వేస్తే, అతను విచారణ రోజున బాకీ, వడ్డీ, ఖర్చులు కట్టేస్తానని కోర్టును దయ అడగడానికి 114వ సెక్షన్ దారి ఇస్తుంది. చుట్టాల దగ్గర అప్పు తెచ్చి కడతాడు, మళ్ళీ మేడమీదే ఉంటాడు. అదే మీరు "నెలవారీ కిరాయిని ఈ నోటీసుతో రద్దు చేస్తున్నాను, ఫలానా తేదీకి ఇల్లు ఖాళీ చేసి అప్పగించండి" అని మాత్రమే అంటే, అతను బాకీ మొత్తం కట్టినా కిరాయి తిరిగి లేవదు. బాకీ 1,12,000 అని వేరే పేరాలో లెక్కగా రాయండి. ఆ తేదీ దాటాక ఉన్న ప్రతి నెలకూ నష్టపరిహారం అడుగుతామని రాయండి. ఆ తర్వాత మీరు తీసుకునే ఏ డబ్బైనా పరిహారం కిందే తప్ప బాడుగగా కాదని ఒక వాక్యం చేర్చండి. ఈ చివరి వాక్యం చిన్నదే కానీ మరిచిపోవద్దు. నోటీసు అందగానే కొందరు తెలివిగా ఫోన్లో ఒక నెల బాడుగ వేసేస్తారు. మన అకౌంటు వద్దనలేదు కదా! తర్వాత "నోటీసిచ్చాక బాడుగ తీసుకున్నారు, అంటే నోటీసు వదులుకున్నారు" అని 113వ సెక్షన్ చూపిస్తారు. ఆ వాక్యం ముందే ఉంటే ఆ వాదనకు బలం ఉండదు.

నోటీసు పంపడం కూడా ఒక పద్ధతి. లాయరు పేరుతో స్పీడ్ పోస్టులో అందిన రుజువు వచ్చేలా పంపండి, రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు అందులోనే కలిసిపోయింది. అతను తీసుకోకుండా తిప్పి పంపితే ఆ తిప్పి పంపడమే అందినట్టు లెక్క. తలుపు వేసి ఉందని పదే పదే వెనక్కి వస్తే ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళ చేతికి ఇవ్వవచ్చు. అదీ కుదరకపోతే తలుపుకు అంటించి, ఇద్దరు సాక్షులతో ఫోటో తీసుకోవచ్చు. చట్టంలోనే ఉంది ఇది. గడువు లెక్క అతనికి అందిన రోజు నుంచి. మీరు ఒకే ఇంట్లో కిందా పైనా ఉంటున్నారు కాబట్టి మెట్ల దగ్గర కనపడ్డప్పుడు నోటీసు గురించి చర్చ పెట్టుకోకండి. "లాయరు గారితో మాట్లాడు నాయనా" అనండి, అంతే.

నోటీసుతోపాటు సిటీ సివిల్ కోర్టులో ఒక కేవియట్ వేయమని మీ లాయరుకు చెప్పండి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 148-ఎ సెక్షన్. మీకు చెప్పకుండా అతను ఇంజంక్షన్ తెచ్చుకోకుండా 90 రోజులు అది కాపు కాస్తుంది.

నోటీసు అంటే ఆర్డరు కాదని కూడా గుర్తుంచుకోండి. గడువు అయిపోయిన మర్నాడు తాళం వేయవచ్చని కాదు, మర్నాడు దావా వేయవచ్చని. బెంగళూరులో ఈ రకం ఖాళీ చేయించే దావాలు మామూలుగా స్మాల్ కాజెస్ కోర్టుకు వెళ్తాయి. కోర్టు ఫీజు ఇంటి ధర మీద లెక్కేస్తారేమోనని భయం వద్దు. ఏడాది బాడుగ మీద లెక్క, అంటే మీకు 1,92,000 మీద. పాత బాకీని ఎక్కడ ఎలా అడగాలన్నది మీ లాయరు తేలుస్తారు. ఇల్లు మనదే, కిరాయిదారు అతనే, నోటీసు అందింది అన్న మూడూ అతను ఒప్పుకుంటే, విచారణ పూర్తిగా సాగకుండానే ఆ ఒప్పుకోలు మీద తీర్పు అడగవచ్చు. దావా నడిచినంత కాలం నెలనెలా డబ్బు కోర్టులో కట్టించమనీ అడగవచ్చు. డిక్రీ, అంటే ఖాళీ చేయమనే కోర్టు ఆర్డరు, వచ్చాక కూడా కదలకపోతే ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేస్తే కోర్టు మనిషి, అవసరమైతే పోలీసులు వచ్చి ఇల్లు అప్పగిస్తారు. తాళం వేసే రోజు అది. ఎంత కాలం పడుతుందని అడిగితే నేను అబద్ధం చెప్పను. నెలల్లో తేలినవి చూశాను, ఏళ్ళు పట్టినవీ చూశాను. ఏళ్ళు పట్టినవాటిలో ఎక్కువ నోటీసు సరిగా లేకో, ఓనరు కోపం వల్లో.

లాయరుకు శక్తి లేదన్నారు. మీకు ఉచితంగా లాయరు దొరుకుతారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళు ఎవరైనా సరే ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఆదాయం ఎంతన్న ప్రశ్నే లేదు. ఇల్లున్న ఓనరమ్మకు కూడానా అని అడుగుతారు, అవును, మీకు కూడానే. నోటీసు రాయడం నుంచి కోర్టు ఫీజు దాకా అందులోకి వస్తాయి. హెచ్. సిద్దయ్య రోడ్డులో న్యాయదేగుల అని పెద్ద బిల్డింగ్ ఉంది. దేగుల అంటే కన్నడంలో గుడి. అక్కడ కర్ణాటక రాష్ట్ర న్యాయ సేవల అథారిటీ ఉంది. ఆధార్, మీ కవరు పట్టుకుని వెళ్ళండి. వెళ్ళలేకపోతే ముందు 15100కు ఫోన్ చేయండి. ఉచిత లాయరంటే శ్రద్ధ పెట్టరని అందరూ అంటారు. కొందరి విషయంలో నిజమే, దాచడమెందుకు. పెట్టకపోతే మార్చమని అర్జీ పెట్టుకోవచ్చు. మొహమాటపడకండి.

న్యాయదేగులకు వెళ్ళమనడానికి ఇంకో కారణం ఉంది. అదే బిల్డింగులో మీడియేషన్ సెంటర్ కూడా ఉంది. దావా వేయకముందే రాజీకి అతన్ని పిలిపించమని న్యాయ సేవల అథారిటీని అడగవచ్చు. నన్నడిగితే నోటీసు పంపిన మర్నాడే ఈ పని మొదలుపెట్టండి.

అతను ఎందుకు కదలడం లేదో ఒక్క నిమిషం ఆలోచించండి. మొండితనం ఉంటే ఉండొచ్చు. కానీ ఉద్యోగం పోయినవాడు వేరే ఇంటికి మారాలంటే ముందు అక్కడ అడ్వాన్సు పెట్టాలి. ఈ ఊళ్ళో ఆ అడ్వాన్సులు ఎంతెంతో మీకు తెలుసు. అతని అడ్వాన్సేమో మీ దగ్గర కరిగిపోతోంది. రోజులు గడిచేకొద్దీ అతనికి తిరిగొచ్చేది తగ్గుతుంది, వెళ్ళడం ఇంకా కష్టమవుతుంది. "అడ్వాన్సులో పట్టుకోండి" అన్న మాటలో పొగరు వినిపించింది మీకు. నాకు చేతిలో డబ్బులేని మనిషి వినిపించాడు. ఇద్దరం కొంత కొంత నిజమై ఉంటాం.

అందుకని ఒక లెక్క చెబుతాను, నచ్చితేనే చేయండి. ఏడు నెలల్లో రెండు నెలలు, అంటే 32,000 వదులుకుంటానని చెప్పండి. మిగిలిన 38,000తో కలిపి తాళం చెవులు ఇచ్చిన రోజు 70,000 అతని చేతిలో పెడతానని చెప్పండి. నలభై అయిదు రోజుల్లో వెళ్ళాలి, ఆ నలభై అయిదు రోజుల బాడుగ కూడా వద్దనండి. మీ తమ్ముడికి ఇది వింటే ఒళ్ళు మండుతుంది, తెలుసు. బాకీ ఎగ్గొట్టినవాడికి ఎదురిచ్చి పంపాలా అంటాడు. దావా ఏడాది సాగితే రాని బాడుగే 1,92,000 అని ఆయనకు చెప్పండి. డిక్రీలో అది వస్తుందని రాసినా, ఉద్యోగం లేని మనిషి దగ్గర వసూలు చేయడం ఇంకో కథ. ఇంకా తక్కువకు ఒప్పించగలిగితే మంచిదే, మీడియేటర్ ముందు బేరం ఆడండి. అతను ఇస్తానన్న తేదీకన్నా మీరు ఇస్తానన్న డబ్బు ముఖ్యం, ఇస్తానన్న డబ్బుకన్నా అది ఏ రోజు ఇస్తారన్నది ముఖ్యం. తాళం చెవి ఒక చేత్తో, డబ్బు ఇంకో చేత్తో. ముందు మాత్రం ఇవ్వకండి, ట్రాన్స్‌పోర్టు వాళ్ళకు అడ్వాన్సు కట్టాలన్నా సరే.

ఒప్పందాన్ని ఇంట్లో కూర్చుని బాండు పేపరు మీద రాసుకుని సంతకాలు పెట్టుకుంటే సరిపోదు. అతను మాట తప్పితే ఆ కాగితం పట్టుకుని మళ్ళీ మొదటినుంచి దావా వేయాలి. అదే ఒప్పందం లోక్ అదాలత్ ముందు రికార్డయితే కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు, నేరుగా ఎగ్జిక్యూషన్‌కు వెళ్ళవచ్చు. దావా వేయని తగాదాలను కూడా లోక్ అదాలత్‌కు తీసుకుంటారు. బెంగళూరులో ఓనర్లకు ఈ ఒక్క తేడా తెలిస్తే నా దగ్గరికొచ్చే కేసులు సగం తగ్గుతాయి. నా ఫీజూ తగ్గుతుందనుకోండి!

ఈ జవాబు చదివేవాళ్ళలో మేడమీద ఉండేవాళ్ళూ ఉంటారు కాబట్టి వాళ్ళకో మాట. నేనూ పన్నెండేళ్ళు బాడుగ ఇంట్లో ఉన్నదాన్నే. ఒక ఇంట్లో వెళ్ళేటప్పుడు పెయింటింగ్‌కని రెండు నెలల బాడుగ పట్టుకున్నారు. గోడలు నేను దిగినప్పుడు ఎలా ఉన్నాయో వెళ్ళినప్పుడూ అలాగే ఉన్నాయి. రుజువు చేయడానికి దిగిన రోజు ఫోటోలు నా దగ్గర లేవు. లాయరుగా ఉండి కూడా! మీరు తీసుకోండి. నోటీసు వచ్చిందని సామాను సర్దుకోనక్కర్లేదు, నోటీసును చించి పారేయకండి కూడా. జవాబు రాయించండి. ఓనరు నీళ్ళో కరెంటో ఆపితే ఇంజంక్షన్ ఉంది, తాళం వేస్తే ఆరు నెలల్లోపు 6వ సెక్షన్ ఉంది. మీ భార్య పేరుతో వెళ్తే ఆవిడకూ ఉచిత లాయరు దొరుకుతారు. బాడుగ మాత్రం ఆపకండి, ఎంతో కొంత బ్యాంకు ద్వారానే వేస్తూ ఉండండి. ఏడు నెలలు ఏమీ కట్టని మనిషి కోర్టులో నోరు విప్పడం కష్టం.

చెన్నైలో ఉన్నవాళ్ళు ఇదంతా అక్కడికి వర్తింపజేసుకోవద్దు. తమిళనాడులో 2019 ఫిబ్రవరి 22 నుంచి వేరే కొత్త చట్టం ఉంది. అగ్రిమెంటు రెంట్ అథారిటీ దగ్గర నమోదు చేయించాలి, ఖాళీ చేయించడానికి రెంట్ కోర్టుకు వెళ్ళాలి. ఆ వివరాలు ఇంకోసారి.

అమ్మా, మీరు ఈ సోమవారం చేయాల్సింది వంశవృక్షానికి అప్లై చేయడం, 15100కు ఒక ఫోన్ చేయడం. మోటరు రోజూ వేసే టైముకు వేయండి. పండక్కి వాళ్ళు ఊరెళ్తే మీరు మేడెక్కకండి, మీ తమ్ముడినీ ఎక్కనివ్వకండి. ఇల్లు అప్పగించే రోజు వచ్చినప్పుడు కరెంటు మీటరు రీడింగు ఫోటో తీసుకోండి, గదులన్నీ ఒక వీడియో తీయండి, ఎన్ని తాళం చెవులు అప్పగించారో రాసి సంతకం తీసుకోండి. డూప్లికేట్ చెవి ఒకటి ఎక్కడో ఉండనే ఉంటుంది కాబట్టి అదే సాయంత్రం తాళం మార్చేయాలి. మీ తమ్ముడు కొన్న కప్ప దాచి ఉంచమనండి, ఆ రోజుకు పనికొస్తుంది.